ఫైబర్ పడవలో చివికిన చెక్క

యూఏఈలోని అజ్మాన్‌లో మేము పనిచేసే పడవల యార్డుకు వచ్చే పాత ఫైబర్ పడవలను ముందుగా అమరం వైపు నుంచే పరీక్షిస్తాం. ఇంజను బిగించే ఆ వెనుక గోడలో రెండు ఫైబర్ పొరల నడుమ ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు చుట్టూ పూసిన సీలెంట్ ఒక్కచోట పగిలినా నీరు లోపలికి దిగుతుంది, మళ్లీ బయటికి రాదు. తేమ 20 శాతం లోపు ఉన్న కలపకు కుళ్లు సోకదు. నానుతూనే ఉన్న కలపను మాత్రం శిలీంధ్రం పొరలు పొరలుగా తినేస్తుంది, పైనున్న గోడ ఎప్పటిలాగే నిగనిగలాడుతుంది.

మా మలయాళీ ఫోర్‌మన్ చిన్న సుత్తితో గోడంతా తట్టి చూస్తారు. గట్టి చెక్క ఖణేల్‌మంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే లోపలివైపు, అడుగున సన్నని రంధ్రం వేస్తారు. నల్లగా తడిసిన పొట్టు వచ్చిందంటే ఇక సందేహం లేదు.

రంధ్రాలు వేసి ఎపాక్సీ, అంటే కలిపాక గట్టిపడే జిగురులాంటి రెజిన్, పోసేయమని కొందరు యజమానులు అడుగుతారు. ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తడి కలపలోకి ఎపాక్సీ ఇంకదు, పైగా ఉన్న నీటిని లోపలే బంధిస్తుంది. పడవ ఆకారం చెడకుండా బయటి పొరను ఉంచి, లోపలి పొరను కోసి, పొడి చెక్క తగిలేదాకా, దాన్ని దాటి మరికొంత దూరం ఉలితో తొలగించాలి. ఆరనివ్వడానికే ఎక్కువ కాలం పడుతుంది, ఆ ఓపికలోనే పనితనమంతా ఉంది. తరువాత మెరైన్ ప్లైవుడ్‌ను కొలతకు కోసి, నీటిని ఎక్కువగా పీల్చే అంచులకు ఎపాక్సీ దట్టంగా పట్టించి, చిక్కగా కలిపిన ఎపాక్సీలో కూర్చి క్లాంపులతో బిగిస్తాం. కోసిన చోట కొత్త ఫైబర్ పొర అతకడానికి పాత ఫైబర్ అంచును మందానికి 12 రెట్లు వాలుగా అరగదీస్తాం. 6 మిల్లీమీటర్ల పొరకు 72 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. పాత పొర మీద పాలియెస్టర్ రెజిన్ కంటే ఎపాక్సీయే గట్టిగా పట్టుకుంటుంది.

వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ సగం సమయంలోనే గట్టిపడుతుంది కనుక, వేసవిలో ఆ పనిని తెల్లవారకముందే మొదలుపెడతాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించడం ఇక్కడి చట్టం ప్రకారం నిషేధం.

చాలామంది వదిలేసేది ఆఖరి మెట్టు. బోల్టు రంధ్రాన్ని కావలసినదానికన్నా పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు కొలతకు మళ్లీ తొలవాలి. అప్పుడు సీలెంట్ పగిలినా నీటికి చెక్క తగలదు. ఉప్పాడలో ఫైబర్ బోటు నడిపే మా అన్నయ్యకు ఫోనులో ఈ పద్ధతే చెబుతుంటాను, ఇంజను మార్చిన ప్రతిసారీ పాత రంధ్రాలనూ వదలవద్దని.