బీరువా చెక్కతో ఒక ఆటల పెట్టె

"మాస్టార్ల గురించి ఎవరికి గుర్తున్నది వాళ్ళు రాయండి" అని మన బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు లెక్కల మాస్టారి గురించీ, ఇంగ్లీషు టీచరు గురించీ చాలామంది రాస్తారని తెలుసు. వాళ్ళకు నేనూ రుణపడే ఉన్నాను. అయినా నేను రాయాల్సింది మన క్రాఫ్ట్ మాస్టారి గురించి. ఆయన గురించి చెప్పాలంటే, పోయినేడు నేను చేసిన ఒక కంప్యూటర్ పెట్టె గురించి చెప్పాలి.

1996లో పదో తరగతి దాటినవాళ్ళకు వెనక వరండా గుర్తుండే ఉంటుంది. అక్కడ రెండు గదులు పక్కపక్కనే ఉండేవి. మొదటిది క్రాఫ్ట్ గది. తలుపు తీయగానే రంపం పొట్టు, స్పిరిట్ పాలిష్ కలిసిన వాసన వచ్చేది. రెండోది కంప్యూటర్ ల్యాబ్. బడి మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. గుమ్మం ముందు చెప్పులు వరసగా విప్పి, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. ముగ్గురికి ఒక కంప్యూటర్. మేడమ్ బోర్డు మీద డాస్ కమాండ్లు రాస్తుంటే వెనక వరసలో ఎవరో ఒకరు ఫ్లాపీ పెట్టి ప్రిన్స్ ఆఫ్ పర్షియా మొదలుపెట్టేసేవారు. రాకుమారిని విడిపించడానికి ఆ ఆటలో ఇచ్చే గడువు 60 నిమిషాలు. మన పీరియడ్ 45 నిమిషాలు. మధ్యలో సేవ్ చేసుకోవచ్చని మాకెవరికీ తెలియదు. మూడేళ్ళలో మనలో ఒక్కరు కూడా ఆ అమ్మాయిని విడిపించలేదు.

ఆ రాకుమారుడు పరిగెత్తే తీరు, గోడ అంచు పట్టుకుని వేలాడే తీరు అచ్చం మనిషిలాగే ఉండేవి. ఆ ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలు చూసి బొమ్మలు గీశాడని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం అతను రాసిన అసలు సోర్స్ కోడ్, అంటే ఆట ప్రోగ్రాం, ఎక్కడో పడిపోయిందట. 2012లో వాళ్ళ నాన్నగారికి ఒక పెట్టెలో పాత ఫ్లాపీల మధ్య దొరికింది. పాత పెట్టెల్ని విప్పి చూడకుండా పారేయకూడదని నాకు అప్పుడే అనిపించింది.

బడి వదిలాక మా అన్నదమ్ములిద్దరి ఆట వేరు. ఏలూరు రోడ్డు వెనక సందులో గంట లెక్కన ఆడించే వీడియో గేమ్ కొట్టు ఉండేది. అక్కడ మా ఆట కాంట్రా, ఇద్దరు కలిసి ఆడే తుపాకుల ఆట. టైటిల్ పడగానే తమ్ముడు రెండో ఎక్కంలాగా చదివేవాడు: పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. వరస తప్పకుండా నొక్కితే 30 ప్రాణాలు. అవి కూడా చాలేవి కావు, ఎక్కువగా మూడో దశలో నా వల్లే. అది జలపాతం. రాళ్ళ మీద దూకుతూ పైకి ఎక్కాలి. ఒకడు తొందరపడి ఎక్కేస్తే తెర కూడా వాడితోపాటు పైకి జరిగిపోతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. నేనెప్పుడూ ఎక్కేసేవాణ్ణి. వాడు ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు మన విజయవాడలోకి వచ్చాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీకి వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా తమ్ముడిది అజిత్ సింగ్ నగర్. పిల్లల్నీ అమ్మనీ మేడ మీదికి చేర్చి, తాను మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ మునగడం చూశానని తర్వాత చెప్పాడు. ఫోన్లో చార్జింగ్ అయిపోయాక వాళ్ళ కబురు తెలియని రెండు రోజులు నేను ఎలా గడిపానో రాయలేను.

నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఇల్లంతా బురద. పిండి చెక్కతో చేసిన టీవీ యూనిట్ అటుకుల్లా ఉబ్బి, ముట్టుకుంటే రాలిపోతోంది. పిల్లల కంప్యూటర్ ఇనప కేబినెట్ తుప్పు పట్టి, లోపల ఫ్యాన్ రెక్కల మధ్య ఒండ్రు గట్టిపడింది. ఇక మా నాయనమ్మ టేకు బీరువా. అది తేలి, బోర్లా పడి ఉంది. వెనక ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయింది, అరల అతుకులు ఊడాయి. కానీ పలకలు మాత్రం పలకల్లాగే ఉన్నాయి. గోటితో గీరితే బురద కింద అదే రంగు, తేనె రంగు.

"ఇంకేం చేస్తావు అన్నయ్యా దాంతో, వీధిలో పెట్టేయ్, బండివాళ్ళు తీసుకుపోతారు" అన్నాడు తమ్ముడు. నేను నాలుగు అర పలకలు, ఒక తలుపు ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

తడిసిన చెక్కను ఎండలో పెడితే మెలి తిరుగుతుందని క్రాఫ్ట్ గదిలో నేర్చుకున్నాం. పలకకూ పలకకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టి, పైన బరువు ఉంచి, గాలి ఆడే నీడలో పడేయాలి. సంక్రాంతి దాకా అలాగే వదిలేశాను. అప్పటికి ఏం చేయాలో కూడా నిశ్చయమైంది: పిల్లలకు పోయిన కంప్యూటర్ బదులు ఇంకొకటి, నాయనమ్మ చెక్కలో. పగలు వాళ్ళ చదువుకి, రాత్రి మా ఇద్దరి పాత ఆటలకి.

మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ భాగాలన్నీ అమర్చే ప్రధాన బోర్డు, కొన్నాను. 2001లో వచ్చిన కొలత అది, 17 సెంటీమీటర్ల చదరం, పెద్ద ఇడ్లీ రేకంత. పాత ఆటలకు ఇంతకంటే అక్కర్లేదు. మనం కొట్లో ఆడిన ఆటలు నడిచింది 1983 నాటి ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రం తరహాలో. దానికి ఉన్న పని మెమరీ (ర్యామ్) 2 కిలోబైట్లు. నేను ఈ పెట్టెలో పెట్టింది 8 జీబీ, అంటే దాదాపు 42 లక్షల రెట్లు. ఆ 2 కిలోబైట్లలో అంతటి పరుగూ దూకుడూ ఇమిడ్చినవాళ్ళ మీద నాకు గౌరవం ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంది.

పెట్టె మూలలకు మేకులు కొట్టకూడదనుకున్నాను. మాస్టారు మనకు నేర్పిన పళ్ళ జాయింటు వేశాను, వేళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చినట్టు. ఎనిమిదో తరగతిలో నా పెన్నుల పెట్టె పళ్ళు వదులుగా కదులుతుంటే ఆయన చెవి మీది పెన్సిలు తీసి గీత గీసి చూపించారు. "గీత మీద కోయకురా. గీత బతకాలి. గీత మిగిలితే ఉలితో తీసుకోవచ్చు. గీత పోతే ఇంక నీ చేతిలో ఏమీ లేదు." ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటి పన్ను కోస్తుంటే ఆ మాట అదే గొంతుతో వినిపించింది. ఒక్కో మూలకు ఏడు పళ్ళు, నాలుగు మూలలు. రోజుకు ఒక మూల చొప్పున, పని నుంచి వచ్చాక, పొద్దుపోయేదాకా. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఫెవికాల్ సరిగ్గా పట్టదు. అతికించే ముందు థిన్నర్ గుడ్డతో అంచులు తుడవాలి. ఇది మాత్రం ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే మేస్త్రి చెప్పారు.

ఆయన దగ్గరికి వెళ్ళింది అసలు రేకు కోసం. కొన్న కేబినెట్ ఇనపది కాబట్టి దానంతట అదే ఎర్త్ అవుతుంది. చెక్క పెట్టెకు ఆ రక్షణ లేదు. నా వృత్తి వైరింగ్, ఎర్త్ లేని పెట్టె పిల్లల చేతికి ఇవ్వలేను. అందుకని లోపల అడుక్కీ వెనక్కీ కలిపి ఎల్ ఆకారంలో అల్యూమినియం రేకు వంచి ఇచ్చారు. బోర్డు దాని మీద ఇత్తడి కాళ్ళతో నిలబడుతుంది, పవర్ సప్లై దానికే బిగిసి ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే రేకు నుంచి ప్లగ్గు ఎర్త్ పిన్ను దాకా కనెక్షన్ సరిగ్గా ఉంది. గాలికి అడుగున సన్నటి గాళ్ళు, వెనక పైభాగాన 12 సెంటీమీటర్ల ఫ్యాన్. చల్లగాలి కింద నుంచి వచ్చి, వేడెక్కి పైకి లేచి, వెనక నుంచి పోతుంది. చెక్క వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి ఈ దారి తెరిచి ఉంచడమే ముఖ్యం.

ముందు భాగం బీరువా తలుపులోంచి కోసిందే. తాళం కప్ప ఉన్న చోటు కావాలనే ఉంచాను. ఇత్తడి బిళ్ళ, మధ్యలో తాళం చెవి కన్నం. కన్నం వెనక చిన్న ఎల్ఈడీ పెట్టాను. పవర్ స్విచ్ కోసం బజారంతా తిరగలేదు. మదర్‌బోర్డు మీద రెండు పిన్నులు క్షణం పాటు కలిస్తే చాలు, కంప్యూటర్ లేస్తుంది. కాలింగ్ బెల్ నొక్కు చేసేది కూడా అదే. నా సామాన్ల డబ్బాలో ఒక పాత నల్ల బేక్‌లైట్ నొక్కు ఉంది, అది బిగించాను. నొక్కగానే తాళం కన్నంలో పసుపు వెలుగు వస్తుంది. చిన్నప్పుడు ఆ కన్నానికి కన్ను ఆనించి లోపల నాయనమ్మ దాచిన జంతికల డబ్బా కోసం వెతికేవాళ్ళం.

ఏప్రిల్ దాకా బాగానే ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నా పెట్టె మూత పగిలింది. ఒక రాత్రి తుపాకీ పేలినట్టు చప్పుడు. లైటు వేసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు నిలువునా బీట. చాలా బాధపడ్డాను. మర్నాడు ఆ మూత గుడ్డలో చుట్టుకుని సత్యనారాయణపురంలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటినా ఆయన చూడగానే గుర్తుపట్టారు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు, బీట వెంబడి బొటనవేలు పోనిచ్చారు.

"నాలుగు పక్కలా బంక పెట్టి బిగించేశావా?"

"అవునండి మాస్టారూ."

"మరి ఎండకి అది ఎటు ముడుచుకుంటుందిరా? పొడవునా చెక్క కదలదు. అడ్డంగానే కదులుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. నువ్వు కదలనివ్వకపోతే పగలక ఏం చేస్తుంది?"

కాగితం తెమ్మని, ఆ వయసులోనూ వంకర లేని గీతతో బొమ్మ వేసి చూపించారు. బంక పూర్తిగా మానేయాలి. మధ్య స్క్రూ గట్టిగా బిగించాలి. చివరి స్క్రూల కన్నాలు మాత్రం గుండ్రంగా కాకుండా అడ్డంగా కోలగా తొలిచి, స్క్రూ బిగిసీ బిగియనట్టు వదలాలి. అప్పుడు పలక స్క్రూ కింద జరుగుతుంది, విరగదు. ఎనిమిదో తరగతిలో ఇది చెప్పే ఉంటారు. ఆ రోజు నా దృష్టి పక్క గదిలో ఫ్లాపీ మీద ఉండి ఉంటుంది. నాలుగో పలకతో కొత్త మూత చేసి అలాగే బిగించాను. వానాకాలం, చలికాలం గడిచాయి, వెంట్రుకంత గీత కూడా పడలేదు.

ఆటలు కొనుక్కున్నాను. పాత కాంట్రాలు కొన్ని కలిపి, ఆ ఆట తయారుచేసిన కోనమీ వాళ్ళే 2019లో ఒక సంకలనంగా అమ్మకానికి పెట్టారు. వెడల్పు తెర మీద ఆ బొమ్మలు సాగదీసినట్టు కనిపిస్తాయని చదరంగా ఉండే పాత 17 అంగుళాల మానిటర్ ఒకటి సంపాదించాను. పెట్టె తమ్ముడింట్లో దించిన రోజు పిల్లలకు ముందు వాళ్ళ పాఠాలు తెరిచి చూపించాం. వాళ్ళు పడుకున్నాక మేమిద్దరం నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం. వాడు ఆ పది నొక్కుళ్ళూ ఒక్కటి కూడా మరిచిపోలేదు. మొదటి దశ అయింది, రెండోది అయింది. జలపాతం వచ్చింది. నేను రెండు రాళ్ళు ఎక్కేసరికి "ఆగు అన్నయ్యా, నేనింకా కిందే ఉన్నా" అన్నాడు.

ఆగాను.