మంచుకు ఎన్ని పదునులు?

డిసెంబరు 29

తెల్లవారుజామున ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. అక్కడ కెనడాలో, నేను చదువుకునే విన్నిపెగ్‌లో ఇంకా నిన్నటి సాయంత్రం ఆరు గంటలు. ఊరికి వచ్చి వారం దాటినా నిద్ర దారికి రాలేదు. బయటికి వచ్చేసరికి తాత అప్పటికే లేచి, మంకీ క్యాప్ పెట్టుకొని, కంబళి కప్పుకొని, వాకిట్లో కందికట్టెతో చలిమంట వేసుకొని కూర్చున్నాడు. ఫోన్‌లో చూస్తే 16 డిగ్రీలు.

నాకూ చలేసింది. కెనడాలో రెండు చలికాలాలు గడిపినదాన్ని అనంతపురం జిల్లా కూడేరు దగ్గర మా ఊళ్ళో వణికానంటే అక్కడి స్నేహితులు నమ్మరు. కానీ అక్కడ బయట ఎంత చలి ఉన్నా ఇంటి లోపల హీటర్ 21 దగ్గర పెట్టి ఉంటుంది. ఇక్కడ ఇల్లూ బయలూ ఒకటే. వాకిట్లో బండల మీద కాలు పెడితే జిల్లుమంది. తాత పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మీ ఊర్లో ఇప్పుడెంత ఉండాది?" అన్నాడు. రోజూ పొద్దున ఇదే మొదటి ప్రశ్న.

"మైనస్ ఇరవై నాలుగు తాతా."

తాత ఐదో తరగతి దాకా చదివాడు. మైనస్ అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని పడలేదు. "సున్నా దాటి కిందికి పోయిందంటే అప్పు పడినట్టే కదా. ఇరవై నాలుగు అప్పు" అని మంట ఎగదోశాడు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు.

జనవరిలో అక్కడ రాత్రుల సగటే మైనస్ 21. గాలి తోడైతే ఒంటికి తగిలే చలి మైనస్ 40 దాకా పోతుంది. అలాంటప్పుడు చర్మం బయటపడి ఉంటే ఐదు పది నిమిషాల్లో గడ్డకట్టొచ్చని వాతావరణశాఖ హెచ్చరిక పెడుతుంది. ఇంట్లోంచి అడుగు బయట పెట్టడానికి పావుగంట తయారవ్వాలి. లోపల థర్మల్స్, పైన ఉన్ని స్వెటర్, దాని మీద మోకాళ్ళ దాకా వచ్చే పార్కా కోటు, రెండు జతల సాక్సులు, బూట్లు, ముఖానికి మఫ్లర్. ముక్కుతో గాలి పీల్చిన మొదటి క్షణంలోనే లోపలి వెంట్రుకలు బిగుసుకుపోతాయి. కార్లకు ఇంజిన్ దగ్గర ఒక హీటర్ ఉంటుంది, రాత్రంతా దానికి కరెంటు పెట్టాలి, లేకపోతే పొద్దున స్టార్ట్ కావు. పార్కింగ్‌లో వరసగా స్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక్కో కారు వైరుతో కట్టి ఉంటుంది. ఫోటో చూపిస్తే అవ్వ, "ఎద్దులను గాటికి కట్టేసినట్టుంది" అంది. ఇప్పుడు అక్కడ పార్కింగ్ చూసినప్పుడల్లా నాకు గాటిపాడే గుర్తొస్తుంది.

ఎనిమిదింటికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఈ ఒక్కదాని కోసం ఇంకోసారి టికెట్ డబ్బులు కూడబెట్టుకుంటాను.

తరువాత అందరం వరండాలో శెనక్కాయలు ఒలవడానికి కూర్చున్నాం. నాకు పొడి కొట్టి కట్టివ్వాలని అమ్మ పట్టుదల. ఈసారి కాయ సన్నం, సగం తాలు. ఆగస్టులో వాన ముఖం చాటేసింది, కాయ ఊరాల్సిన సమయానికి నేలలో పదును, అంటే చాలినంత తడి, లేదు. నాయన ఆ సంగతి ఎత్తడు. మూట ఎత్తి చూస్తేనే నాకు అర్థమైంది.

ఒలుస్తూ ఒలుస్తూ అమ్మకు మొదటి చలికాలం సంగతి చెప్పాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, మళ్ళీ ఎనిమిదిన్నరకు గానీ తెల్లారదు. క్లాసు అయిపోయి, పార్ట్‌టైమ్ పని ముగించుకొని బస్ స్టాప్‌లో నిలబడితే వీధిలో ఒక్క మనిషి ఉండడు. ఒకరోజు బస్సు రాలేదు. ఏడుపొచ్చింది. ఆ నీళ్ళకు రెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుపోయి కళ్ళు తెరుచుకోలేదు. గ్లవుజు తీసి అరచేత్తో కళ్ళు మూసి కాచుకున్నాను. అదే సమయానికి అమ్మ ఫోన్ చేస్తే "లైబ్రరీలో ఉన్నా, మళ్ళీ చేస్తా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. నా ముందున్న కాయలన్నీ తన చేటలోకి ఊడ్చుకొని, "నువ్వు లే, నేను ఒలుస్తా" అంది. లేవలేదు నేను.

అవ్వే మాట మార్చింది. మంచు మీద జారకుండా ఎట్లా నడుస్తావని అడిగింది. చిన్న చిన్న అడుగులు, పాదమంతా నేలకు ఆనించి, ఒంటి బరువు ముందు కాలి మీద ఉంచుకోవాలి అని లేచి నడిచి చూపించాను. "తడిసిన గట్టు మీద నీళ్ళ బిందె మోసేటప్పుడు మేము నడిచిన నడకే" అంది. ఈ మాట ముందే తెలిసి ఉంటే మొదటి నెలలో రెండుసార్లు పడి ఉండేదాన్ని కాదు.

అప్పుడు తాత మళ్ళీ తన పాత ప్రశ్నకు వచ్చాడు. పోయిన ఫిబ్రవరిలో వీడియో కాల్‌లో కిటికీ బయట మంచు చూపిస్తే అడిగిన ప్రశ్న అది. "అదంతా నీళ్ళే కదా పాపా. కరిగితే ఎన్ని పదునులు అయితాది?" మా వైపు వానను ఇన్ని మిల్లీమీటర్లని ఎవరూ చెప్పరు. విత్తనం వేయడానికి చాలినంత నేల తడిస్తే ఒక పదును. ఏడాదికి ఎన్ని పదునులు పడ్డాయన్నదే లెక్క. నేను చదివేది నీటి వనరుల మీదే, అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పెరట్లోకి పోయి, అప్పుడే పడిన మంచును నొక్కకుండా బకెట్ నిండా ఎత్తుకొచ్చి బాత్రూంలో పెట్టాను. పొద్దున చూస్తే అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు. తాతకు చూపిస్తే ముఖం చిన్నబోయింది. "ఇంతేనా?" అన్నాడు.

ఇంతే. పది సెంటీమీటర్ల పొడి మంచు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీళ్ళు. విన్నిపెగ్‌లో ఏడాదికి సగటున 114 సెంటీమీటర్ల మంచు పడుతుంది. చూడ్డానికి ఊరంతా మునిగినట్టుంటుంది, నీళ్ళుగా లెక్కేస్తే వంద మిల్లీమీటర్ల పైచిలుకు. దానికి ఎండాకాలం వానలు కలిపితే ఏడాదికి మొత్తం 520 మిల్లీమీటర్లు. 1981 నుంచి 2010 దాకా తీసిన సగటు అది. మా ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు 550.

ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఈరోజు తాతకు అంగుళాల్లో చెప్పాను. మనది దాదాపు 22, వాళ్ళది ఇరవైన్నర. తాత చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. "అబద్ధం" అన్నాడు. కాసేపటికి, "మరి వాళ్ళకు చెరువులెట్ల నిండుతాండాయి?" అన్నాడు.

నాకు తెలిసినంతలో చెప్పాను. అక్కడ ఐదు నెలలు నీళ్ళు గడ్డకట్టి పడి ఉంటాయి, సూర్యుడు తాగడానికి పెద్దగా దొరకవు. మన ఎండకు కురిసిన వానకు మూడింతలైనా పీల్చేసే శక్తి ఉంది. వాళ్ళ నేల ఒకప్పుడు పెద్ద మంచుయుగపు సరస్సు అడుగు, లోతైన నల్ల బంకమట్టి, మన నల్లరేగడి లాంటిది. తడిస్తే ఓ పట్టాన ఆరదు. నీళ్ళు బయటికి పోవడానికే రైతులు చేలల్లో కాలువలు తీసుకుంటారు. మనది జానెడు లోతున రాయి తగిలే ఎర్ర గరుసు. అదీ కాక వాళ్ళ పెద్ద సరస్సుకు ఎక్కడో రాకీ పర్వతాల నుంచి కూడా నదులు నీళ్ళు తెస్తాయి.

వరద కాలువ గురించి చెప్పినప్పుడు తాత ఇంకా ఆశ్చర్యపోయాడు. అక్కడి రెడ్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. వసంతంలో దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. దారి లేక నీళ్ళు ఊరి మీద పడతాయి. 1950లో అట్లా ఊరు మునిగితే, ఆ తరువాత ఊరి చుట్టూ 47 కిలోమీటర్ల కాలువ తవ్వి 1968 నాటికి పూర్తి చేశారు. 1997లో వచ్చిన పెద్ద వరద నుంచి నగరాన్ని చాలావరకు కాపాడింది ఆ కాలువే.

"నీళ్ళు వద్దని కాలువ తవ్వినారా!" అన్నాడు తాత.

నాకు వెంటనే 2012 గుర్తొచ్చింది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు జీడిపల్లి రిజర్వాయర్‌కు వచ్చాయని తెలిసి నాయన మమ్మల్నందరినీ ట్రాక్టర్ ఎక్కించి చూపించడానికి తీసుకుపోయాడు. అవ్వ పసుపు కుంకుమ వేసింది. తాత చెప్పులు దూరంగా విడిచి వెళ్ళి దోసిట్లోకి నీళ్ళు తీసుకొని తలమీద చల్లుకున్నాడు. మా పొలంలో వేసిన పదకొండు బోర్లలో ఎనిమిది ఎండిపోయిన మనిషి ఆయన. నీటి చదువు చదవాలని నేను అనుకున్నది ఆ రోజు ఆ గట్టు మీదే. అక్కడి యూనివర్సిటీ దరఖాస్తులో మాత్రం ఇంకేవేవో పెద్ద మాటలు రాశాను.

మధ్యాహ్నం సంగటి, పప్పు తిని తాతతో చేనికి పోయాను. శెనక్కాయ సాళ్ళ మధ్య వేసిన కంది కోతకు వచ్చింది. పోతూ పోతూ, వాళ్ళు గోధుమ కోసినాక మోళ్ళు పొడుగ్గా వదిలేస్తారని, గాలికి కొట్టుకుపోయే మంచు ఆ మోళ్ళలో చిక్కుకొని చేనిలోనే ఆగుతుందని చెప్పాను. ఇది తాతకు బాగా నచ్చింది. నిలబడి మళ్ళీ చెప్పించుకున్నాడు. ఎంత ఎత్తున వదులుతారని అడిగాడు. "వాళ్ళు కూడా మా మాదిరి వాళ్ళే" అన్నాడు. అక్కడి రైతుల గురించి తాత నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

చేని గట్టున కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. పోయిన జనవరిలో తీసింది. సూర్యుడి చుట్టూ పెద్ద వలయం, దానికి అటొకటి ఇటొకటి రెండు చిన్న సూర్యుళ్ళలాంటి వెలుగులు. గాలిలో తేలే మంచు పలుకుల మీద వెలుగు వంగితే అట్లా కనిపిస్తుంది. బాగా చలి ముదిరిన పొద్దుల్లో నేను చాలాసార్లు చూశాను. ఆకాశం శుభ్రంగా ఉండి ఎండ ఫెళ్ళున కాసే రోజులే అక్కడ అన్నిటికంటే చలి రోజులు. మబ్బు కమ్మిన రోజు కాస్త వెచ్చన.

"వరదగుడి" అన్నాడు తాత ఫోటో చూసి. చంద్రుడికి గుడి కట్టినప్పుడు అది దగ్గరగా ఉంటే వాన దూరం, దూరంగా ఉంటే వాన దగ్గర అని చిన్నప్పుడు మిద్దె మీద పడుకోబెట్టుకొని చెప్పిన లెక్క మళ్ళీ చెప్పాడు. "ఇంత దూరం గుడి కట్టింది. మరి వాన పడిందా?"

"లేదు తాతా. మరుసటి రోజు ఇంకా చలి పెరిగింది."

తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ముల్లుకర్రతో గట్టు కింద నేల గీకి, గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టి పిడికిలి మూశాడు. తెరిస్తే మట్టి ముద్ద కాలేదు, జలజలా రాలిపోయింది. "ముద్దయి, బొటనవేలితో నొక్కితే రెండుగా విరిగితే పదునుంది. చేతికంటితే ఎక్కువైంది. ఈసారి మంచు కరిగినాక ఆ నల్లమట్టిని ఇట్ల పట్టి చూడు. మూడు దినాలకొకసారి చూడు. ఎన్నాళ్ళు నిలబడతాదో చెప్పు" అన్నాడు.

ఏప్రిల్‌లో చూడాలి. అప్పటికి నేల పైపైనే కరిగి, కింద ఇంకా గట్టిగా ఉంటుంది, జానెడు లోతు తవ్వడానికి మామూలు పార చాలదేమో. పెరట్లో కంచె పక్కన గుంత తీసుకోవచ్చా అని ఇంటి ఓనర్‌ను ముందే అడగాలి. తాతకు ఫోన్ చేయాల్సింది మాత్రం అక్కడి రాత్రి ఏడింటికి, ఆయన పొద్దున ఐదున్నరకు చేనికి బయలుదేరకముందు. మార్చిలోనే అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అది మర్చిపోకూడదు.

అమ్మ శెనక్కాయల పొడి రెండు డబ్బాలకు కట్టింది. మూడోది రేపు.