కాలువకు నీళ్లు వదిలే నాటికి

ఉద్యోగంలో చేరిన పద్నాలుగో నెలలో నాకు జబ్బు చేసింది. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు అమలాపురం దగ్గరి మా ఊరి నుంచే, మేడ మీది గదిలో కూర్చుని పనిచేసేదాన్ని. అమెరికా వేళలను బట్టి సాయంత్రం మొదలయ్యే పని రాత్రి రెండింటికి ముగిసేది. అయినా పని బరువు నన్ను పడగొట్టలేదనే ఇప్పటికీ నమ్ముతాను. నాలుగు గంటలు పట్టే ఒక రిపోర్టు 40 నిమిషాల్లో వచ్చేలా మూడు వారాలు కూర్చుని కోడ్ తిరగరాస్తే, మా టీమ్ లీడ్ దాన్ని తన పనిగా క్లయింటుకు చూపించారు. అదే నెలలో ఒక తేదీ తప్పు పడినప్పుడు మాత్రం, అందరూ ఉన్న కాల్‌లో నా పేరు పెట్టి పిలిచి, "ఇంత చిన్న విషయం తెలియనప్పుడు ఇంజనీరింగ్ ఎందుకు చదివావు?" అని అడిగారు. నేను జవాబు చెప్పబోయేలోగా మరో విషయంలోకి వెళ్లిపోయారు.

మొదట ఆకలి పోయింది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. కాల్ మోగిన శబ్దానికి గుండె దడదడలాడి అరచేతులు తడిసిపోయేవి. కొన్నాళ్లకు అమ్మ ఫోను మోగినా అదే దడ. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది. అందుకు ఆమెను నేను తప్పు పట్టను, ఎందుకంటే నాకేదో అయిందని ఇంట్లో మొదట గుర్తించింది ఆమే.

మార్చిలో ఒక రాత్రి ఊపిరి అందక, వేళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం పోతోందనుకున్నాను. నాన్నగారు బండి మీద అమలాపురం తీసుకువెళ్లారు. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "గుండెకు ఏమీ కాలేదమ్మా. అలాగని నీకు జబ్బే లేదని నేననను" అన్నారు డ్యూటీ డాక్టరు గారు. నా మాటను ఒకరు నమ్మి ఎన్నాళ్లయిందో ఆ క్షణంలో తెలిసింది, ఏడుపు ఆగలేదు.

ఆ వారమే ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడలో మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్లాం. "ఉద్యోగమన్నాక ఇలాంటివి అందరికీ ఉంటాయి కదండీ?" అని నాన్నగారు అడిగితే ఆమె ఓపికగా వివరించారు. పనివల్ల మనిషి పూర్తిగా అలసి నీరసించిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చిందనీ, నాది ఆ దశ దాటి కుంగుబాటుగా, పానిక్ అటాక్‌లుగా మారిందనీ, వీటికి చికిత్స ఉందనీ చెప్పారు. మందు గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గిందనిపించినా సొంతంగా మానేయవద్దని గట్టిగా చెప్పి, రాత్రివేళ భయం వేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చంటూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను చీటీ వెనుక రాసి ఇచ్చారు. రెండుసార్లు ఆ నంబరుకు ఫోన్ చేశాను.

మొదటి పది రోజులు వికారంతోనే గడిచాయి. వైద్య ధ్రువపత్రం పంపినా సెలవు ఇవ్వకపోవడంతో రాజీనామా చేశాను.

ఏప్రిల్‌లో కాలువకు నీళ్లు కట్టేశాక, రోజూ తెల్లవారగానే నాన్నగారితో గట్టు మీద నడిచేదాన్ని. ఎండిన అడుగున గుర్రపుడెక్క నల్లగా కుళ్లి వాసన వేసేది, కూలీలు దాన్ని పారలతో ఒడ్డుకు ఎత్తిపోసేవారు. మొదట్లో లాకుల దాకా వెళ్లేసరికే కాళ్లు వణికేవి. ఆ రోజు నా చేత్తో పూర్తయిన పనులను, ఎంత చిన్నవైనా, సాయంత్రం నోటుపుస్తకంలో రాయమని కౌన్సెలర్ చెప్పారు. మొదటి పేజీలో "తలంటుకున్నాను" అని ఒక్కటే ఉంది. నెల తిరిగేసరికి పేజీ నిండేది.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారు. ఎర్రని నీరు మా ఊరి లాకుల దగ్గరకు చేరిన రాత్రి, మధ్యలో మెలకువ రాకుండా ఆరు గంటలు నిద్రపోయాను. మార్చి నుంచీ నా గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్న అమ్మ, మరో వారానికి ఆ చాప చుట్టుకుని కిందికి దిగింది.