ఇరవై ఒకటో సిస్టమ్

కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లలకు ముప్పై సిస్టమ్‌లు. మూలన ఉన్న ఇంకోదాన్ని అందరూ ‘సర్వర్’ అనేవాళ్లు. నిజానికి అదీ మామూలు డెస్క్‌టాపే, విండోస్ 10 ప్రో. అందులో ఒక ఫోల్డర్ షేర్ చేసి పెట్టాం, ప్రోగ్రాములన్నీ అందులోనే సేవ్ చేసేవాళ్లు. భోజనానికెళ్లి వస్తే అది నిద్రపోయి ఉండేది. మౌస్ కదిపితే లేచేది. బ్యాచ్‌కి పదిహేను మందే కాబట్టి అంతకుమించి గొడవ రాలేదు.

పోయినేడు రెండు బ్యాచ్‌లూ కలిపేశారు. ప్రాక్టికల్స్ ఇంకో వారం ఉందనగా ముప్పై మందీ ఒకేసారి కూర్చున్నారు. ‘‘సార్, నాది ఓపెన్ కాలా’’ అంది ఒకమ్మాయి. వెంటనే పక్కవాడూ అదే మాట. కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ స్విచ్‌లో పోర్టు మార్చాను, నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌ని గుర్తుపట్టే ఐపీ నంబరు మార్చాను. ఊహూఁ. ఇంతలో ముందు వరుసలో ఒకడు షట్‌డౌన్ చేసి లేచాడు. ఆ అమ్మాయిది తెరుచుకుంది! ఒకరు దిగితే గానీ ఇంకొకరు ఎక్కలేని బస్సులా ఉంది వ్యవహారం.

బెంగళూరులో నెట్‌వర్క్ పని చేసే మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. ‘‘కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ కాన్ఫిగ్ సర్వర్’ అని కొట్టి, ‘మ్యాగ్జిమమ్ లాగ్డ్ ఆన్ యూజర్స్’ ఎదురుగా ఎంతుందో చూడన్నా’’ అన్నాడు. 20 అని ఉంది, అంటే ఒకేసారి ఇరవై మందికి మించి ఎక్కలేరు. తప్పు వైర్లది కాదు, ర్యామ్‌ది కాదు. డెస్క్‌టాప్ విండోస్ లైసెన్సులోనే ఆ గీత గీసి పెట్టారు. విండోస్ సర్వర్ కొంటే ఆ గీత ఉండదు గానీ, వాడే ఒక్కో మనిషికో ఒక్కో మెషీన్‌కో క్యాల్ అనే లైసెన్సు విడిగా కొనాలి. కొటేషన్ చూసి ప్రిన్సిపాల్ సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ‘‘ఉన్నదాంతోనే ఏదో ఒకటి చేయప్పా.’’

స్టోర్ రూమ్‌లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ దుమ్ము దులిపి, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు సర్వర్ 22.04 ఎక్కించాను. సర్వర్ అంటే లోపలేదో పెద్ద యంత్రాంగం ఉంటుందనుకునేవాణ్ని. తీరా చూస్తే నల్ల తెర, లాగిన్ అడిగే ఒక్క గీత. మౌస్‌తో పనే లేదు. ఒకప్పుడు ఉబుంటులో సర్వర్‌కి కెర్నల్, అంటే సిస్టమ్‌ని నడిపే అసలు గుండెకాయ, వేరుగా ఉండేదట, 2012లో వచ్చిన 12.04తో దాన్ని మామూలుదాంట్లో కలిపేశారు. ఇప్పుడు తేడా అంతా పైన ఏమేం పెడతారన్నదే. బొమ్మలూ కిటికీలూ లేవు కాబట్టి ఆ 4 జీబీలో ముప్పాతిక పైగా ఖాళీగానే ఉంది.

ఐపీ స్థిరంగా పెట్టడానికి ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్ రాస్తూ, స్పేస్‌లు కొట్టాల్సిన చోట అలవాటుగా ట్యాబ్ కొట్టి సిస్టమ్‌తో తిట్లు తిన్నాను. అది చిన్నదే. అసలు ఏడిపించింది సాంబా, ఉబుంటులోని ఫోల్డర్‌ని విండోస్ సిస్టమ్‌లకు షేర్ చేసే ప్రోగ్రాము. పిల్లలకు యూజర్లు క్రియేట్ చేశాను, పాస్‌వర్డ్‌లు ఇచ్చాను. సర్వర్ ముందు కూర్చుని లాగిన్ అయితే అవుతుంది. విండోస్ నుంచి ఫోల్డర్ తెరిస్తే మాత్రం పాస్‌వర్డ్ తప్పంటుంది. క్యాప్స్ లాక్ ఎన్నిసార్లు చూసుకున్నానో! రాత్రి ఎనిమిదికి గానీ తెలియలేదు, సాంబా తన పాస్‌వర్డ్‌ల పట్టీ తనే వేరుగా పెట్టుకుంటుందని. ‘ఎస్ఎంబీపాస్‌వర్డ్’ కమాండ్‌తో ఒక్కొక్కరినీ మళ్లీ చేర్చాను. కమాండ్‌లో ఆ చివరి పదాన్ని ‘పాస్‌డబ్ల్యూడీ’ అని కుదించి కొట్టాలి, అక్కడా ఒకసారి బోల్తాపడ్డాను.

మర్నాడు ముప్పై మందీ ఎక్కారు. కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో, మార్చాను. మానిటర్‌తో ఇక పని లేదు, పక్క సిస్టమ్ నుంచే కమాండ్‌లు కొట్టనిచ్చే ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్తే చాలు. ఆ మానిటర్‌ని ఆఫీసు రూమ్‌కి ఇచ్చేశాను.

రెండు రోజులకు ల్యాబ్ ఊడ్చే అక్క వచ్చి, ‘‘సార్, తెర కూడా లేదు, ఇది చెడిపోయినట్టుంది. పాత సామాన్లోకి ఎత్తేద్దామా?’’ అని ప్లగ్గు మీద చెయ్యేసింది. ఆ సాయంత్రమే దాని నెత్తిన ఒక కాగితం అతికించాను: ‘పని చేస్తోంది. ఆపొద్దు.’