రాయవేలూరు నుంచి బాగాయం దాకా

మా మదనపల్లె వైపు జబ్బు ముదిరితే తమిళనాడులోని రాయవేలూరే (వెల్లూరు) దిక్కు. మా తాతల కాలం నుంచీ అంతే. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, అదే సీఎంసీలో కౌంటర్ ముందు నిలబడితే ముందొకరు, వెనకొకరు తెలుగే మాట్లాడుతుంటారు.

నాకు ముందు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గి వారం పది రోజులయ్యాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఊళ్లో చూపిస్తే బీ కాంప్లెక్స్ రాసిచ్చారు. మర్నాడు మెట్లెక్కలేకపోయాను, ఆ మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాను. సాయంత్రానికి నీళ్ల గ్లాసు చేతిలో నిలవలేదు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. కాలు ఎగరలేదు. "ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో లెక్కపెట్టండి" అంది. పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత పగలూ రాత్రీ ఇదే లెక్క. టీచింగ్ హాస్పిటల్ కదా, పెద్ద డాక్టర్ వెనక అరడజను మంది పిల్లలు వచ్చేవారు. చెప్పిన కథే మళ్లీ మళ్లీ చెప్పాలి. అమ్మకు విసుగొచ్చేది. నాకైతే ధైర్యంగా ఉండేది, ఊపిరి కాస్త తగ్గినా ముందు పట్టుకునేది వాళ్లే.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. ఇన్‌ఫెక్షన్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి తిరగబడి మన నరాలనే దెబ్బతీస్తుంది. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా చాలామందికి వచ్చినప్పుడు టీవీల్లో మోగిన జీబీఎస్ ఇదే. వెన్నులో నీళ్లు తీశారు, నరాల పరీక్ష చేశారు, దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఐదు రోజులు ఎక్కించారు. బిల్లు లక్షల్లో, అమ్మ గాజులు బ్యాంకులో. కళ్లు పూర్తిగా మూతపడక రాత్రిళ్లు రెప్పలకు టేపు వేసేవారు. వెంటిలేటర్ మాత్రం తప్పింది.

జబ్బు అక్కడితో ఆగింది గానీ లేచి నిలబడటం వేరే పని. నరాల పైపొరతో పాటు లోపలి తీగలు కూడా దెబ్బతిన్నాయట. అవి తిరిగి పెరిగేది రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున. మోకాలి నుంచి బొటనవేలికి ఎంత దూరమో పడుకుని లెక్కలేసుకునేవాణ్ణి.

అప్పుడు బాగాయంలోని సీఎంసీ రీహ్యాబ్‌కు పంపారు, మళ్లీ నడక, రోజువారీ పనులు నేర్పే చోటికి. ఊరి బయట, మెడికల్ కాలేజీ ఉన్న వైపు. చెట్లు, కొండలు, హాస్టల్ పిల్లలు. టౌన్ ఆస్పత్రి రద్దీకి అలవాటుపడిన చెవులకు మొదట అంతా వెలితిగా అనిపించింది. అక్కడి రీహ్యాబ్‌ను 1966లో మొదలుపెట్టింది డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో ప్రమాదం జరిగి ఆమెకు కాళ్లు పడిపోయాయి. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, అమెరికా వెళ్లి ఈ వైద్యం నేర్చుకొచ్చారు.

ఆ సంగతి నాకు చెప్పింది పక్క బెడ్ కుర్రాడు. తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగింది. నాకు కాళ్లొస్తాయని అందరూ అంటున్నారు, అతనికి ఎవరూ ఆ మాట అనడం లేదు. అయినా వీల్‌చైర్ ముందు చక్రాలు లేపి గుమ్మం దాటడం పొద్దస్తమానం ప్రాక్టీస్ చేసేవాడు. అతని ముందు బద్ధకించడానికి నాకు మొహం చెల్లేది కాదు.

"ఇంకొక్కసారి అన్నా" అంటూ ఫిజియో అమ్మాయి తమిళ యాసలో వెంటపడేది. కడ్డీల మధ్య నాలుగడుగులు వేస్తే చొక్కా తడిసిపోయేది. దానికన్నా కష్టం చొక్కా బొత్తాలు. కింది బొత్తాలు కళ్లతో చూస్తూ పెట్టుకోవచ్చు. మెడ దగ్గరిది కనపడదు, వేళ్లకేమో స్పర్శ లేదు. మంచం మీంచి కుర్చీలోకి నన్నెలా దించాలో అమ్మకే నేర్పారు, ఇంటికెళ్లాక నర్సు ఉండదు కదా.

ఇప్పుడు నడుస్తున్నాను. పాదం వేలాడకుండా ఎడమ కాలికి ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంది. హవాయి చెప్పులు నిలవవు, వెనక పట్టీ ఉన్నవే వేసుకోవాలి. మీలో ఎవరికైనా నీరసం పాదాల నుంచి పైకి పాకుతుంటే టానిక్కులతో కాలయాపన చేయకండి, అదే రోజు న్యూరో డాక్టర్ ఉన్నచోటికి పోండి. మొదటి రెండు వారాల్లో ఇస్తేనే ఇమ్యునోగ్లోబ్యులిన్ బాగా పనిచేస్తుంది.

వచ్చే నెల చెకప్. కాట్పాడిలో రైలు దిగి టౌన్ బస్సెక్కి బాగాయం పోదామని నేనంటున్నాను. అమ్మ కారే మాట్లాడమంటోంది.