నీటికి దారి వేశాకే ఇళ్లు

సంక్రాంతి సెలవుకు ఊరు చేరిన సాయంత్రం, అరుగు మీద కూర్చున్న మా పెదనాన్న అడిగిన మొదటి మాట ఇది: "ఏటిరా, కొండల మధ్యన ఊరు కడతన్నామన్నావు, ఎన్నిళ్లు లెగిసినాయి?" పద్నాలుగు ఇళ్లకు శ్లాబు పడిందని చెప్పాను. రెండేళ్లకు పద్నాలుగేనా అన్న మాట ఆయన నోటి దాకా వచ్చి ఆగినట్టు తెలుస్తూనే ఉంది. ఆ రెండేళ్లూ మేం చేసిన పని ఎక్కడికి పోయిందో ఆ రాత్రి భోజనాల దగ్గర కొంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల ఇదే ప్రశ్న ఎదురవుతుందని నాకు తెలుసు.

మాది కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. నేను ఒమన్‌లో సెంట్రింగ్ ఫోర్‌మన్‌గా పనిచేస్తున్నాను. మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే రహదారి, హజర్ పర్వతాలను తూర్పు, పడమరలుగా విడదీసే సమాయిల్ లోయ గుండా సాగుతుంది. ఆ లోయలోకి పక్కనుంచి వచ్చి కలిసే ఒక చిన్న లోయలో మా సైట్ ఉంది. చుట్టూ చెట్టన్నది లేని ముదురు గోధుమరంగు కొండలు. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాయే పైకి తోసుకొచ్చి ఆ కొండలుగా నిలిచిందని మా సర్వేయరు చెబితే మొదట నమ్మలేకపోయాను.

మస్కట్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లాలో అది వెయ్యి దాటుతుంది. అంత ఎండిన దేశంలో నీటికి భయపడడమేమిటని కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు అనుకుంటారు. కానీ మట్టి లేని రాతికొండ మీద పడిన నీరు ఇంకడానికి చోటుండదు, పడింది పడినట్టే జారి వాదీలోకి దిగుతుంది. వాదీ అంటే మన గెడ్డే, కొండవాగు. మా అమ్మమ్మగారి ఊరు సీతంపేట కొండల కింద ఉండేది. పైన ఎక్కడో వాన పడితే, ఊళ్లో ఎండ కాస్తుండగానే గెడ్డ ఎర్రగా పొంగి వచ్చేది, పిల్లల్ని ఆ దరికి పోనిచ్చేవారు కాదు. ఒమన్‌లో మొదటిసారి వాదీ పారడం చూసినప్పుడు, నాకు ఇంజనీర్లు చెప్పిన లెక్కల కన్నా అమ్మమ్మ కేకలే ముందు గుర్తొచ్చాయి.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నానికి దగ్గరలోనే తీరం దాటింది. నేను మస్కట్ క్యాంపులో ఫోను పట్టుకుని కూర్చున్నాను. పశువుల సాల మీద రేకులు లేచిపోతున్నాయని అమ్మ చెబుతుండగానే లైను తెగిపోయింది. ఆ తుఫాను బలహీనపడి, దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్లీ బలం పుంజుకుని, షాహీన్ అనే పేరుతో అక్టోబరు 3న ఒమన్‌లోని బాతినా తీరాన్ని తాకింది. మస్కట్‌లో రెండు రోజులు సెలవు ప్రకటించారు. కింది గదుల్లోని వాళ్లందరం సామాన్లతో మేడ మీదికి ఎక్కి, అక్కడి కిటికీలోంచి రోడ్డు కాలువగా మారడం చూశాం. వారం కిందట మా ఇంటి రేకులు లేపిన గాలే ఇంత దూరం వచ్చిందని వాతావరణ వార్తల్లో విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లోనే సమద్ అల్ షాన్ దగ్గర, బడిపిల్లలున్న వాహనాన్ని వాదీ వరద లాక్కుపోయింది. పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుంచి వరద కాలువ పని ఆలస్యమవుతోందని ఎవరైనా విసుక్కుంటే నేను ఊరుకోలేకపోతున్నాను.

అందుకే మా సైట్‌లో మొదటి ఏడాదంతా నీటి దారికే పోయింది. లోయ ఎగువ నుంచి దిగువ వరకు రాయిని బ్రేకరుతో పగలగొట్టి వెడల్పాటి కాలువ తీశాం. దాని ఒడ్డున తీగ బుట్టల్లో రాళ్లు పేర్చి గాబియన్ గోడలు కట్టాం. రోడ్డు కాలువను దాటే ప్రతిచోటా కాంక్రీటు పెట్టె తూములు పోశాం. ఇళ్లు వచ్చే వాలును మెట్లు మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకు ఒక్కో అడ్డుగోడ నిలిపాం. ఇదంతా కంటికి ఊరులా కనిపించదు, ఫోటో తీసి ఇంటికి పంపితే గొయ్యిలా కనిపిస్తుంది.

ఆ అడ్డుగోడల్లో ఒకటి మాకన్నా ముందు మరొక సబ్ కాంట్రాక్టరు కట్టినది. అడ్డుగోడకు వెనకనుంచి నీరు బయటికి రావడానికి అరచేతి వెడల్పు కూడా లేని పీవీసీ గొట్టాలు వరసగా పెడతారు. వెనకవైపు కొనకు మట్టి చొరబడకుండా గుడ్డ చుట్టి, దాని చుట్టూ కంకర నింపుతారు. ఆ గోడలో ఒక గొట్టంలోకి వేలు పెట్టి చూస్తే, రెండు కణుపులు కూడా పోకముందే గట్టిగా తగిలింది. కాంక్రీటు పోసేటప్పుడు గొట్టం మూతి కట్టకపోవడం వల్ల సిమెంటు పాలు లోపలికి దిగి రాయిలా బిగిసింది. వరసగా పదకొండు గొట్టాలు చూశాను, ఏడు మూసుకుపోయి ఉన్నాయి. పై అధికారికి చెబితే తర్వాత చూద్దామన్నారు. ఆ చలికాలంలో వాన ఒక్క గంట పడింది. వెనక నిండిన నీరు తోసిన తోపుకు గోడ మధ్యలో ముందుకు వంగి, పై నుంచి కింది దాకా బీట వారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, నలభై రోజుల పనిని పగలగొట్టి మళ్లీ పోయవలసి వచ్చింది. చెప్పింది నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాసి ఇచ్చి ఉండవలసిందని నేను ఇప్పటికీ బాధపడతాను. ఇప్పుడు నా ముఠాలో కాంక్రీటు పోసే ముందు ప్రతి గొట్టం మూతికీ గుడ్డ కుక్కి టేపు చుట్టడం, షట్టరింగ్ విప్పగానే ఇనపచువ్వతో పొడిచి చూడడం తప్పనిసరి.

లోయలో ముందునుంచే ఒక చిన్న పల్లె, దానికొక ఫలజ్ ఉన్నాయి. ఫలజ్ అంటే కొండ కింది ఊటనుంచి వాలును బట్టి తోటలకు నీరు తెచ్చే పాతకాలపు కాలువ. ఇలాంటి ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; నిజ్వాలోని దారిస్ ఫలజ్ వాటిలో ఒకటి. ఈ పల్లె ఫలజ్ మా రెండో రోడ్డుకు సరిగ్గా అడ్డంగా వచ్చింది. దాని బాగోగులు చూసే పెద్దమనిషిని వకీల్ అంటారు. ఆయన ప్రతి ఉదయం చేతికర్రతో వచ్చి, మేం దాని పక్కన తవ్వినంతసేపూ నిలబడేవాడు. రోడ్డును కాస్త ఎత్తు చేసి, ఫలజ్ మీద వంతెనలా శ్లాబు వేసి, నీరు ఒక్క పూట కూడా ఆగకుండా పని ముగించాం. ఆ రోజు ఆయన గంపెడు ఖర్జూరాలు తెచ్చి మా ముఠా అందరికీ పంచిపెట్టాడు. చెరువు తూము దగ్గర వంతుల కోసం కాపు కాసిన రైతుబిడ్డలం కనుక, ఆయన అక్కడ ఎందుకు నిలబడ్డాడో మాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇళ్ల పని నిరుడు వేసవి దాటాకే ఊపందుకుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదని అక్కడి చట్టం. కాంక్రీటు రాత్రిపూటే పోస్తాం. నీటిలో కొంత భాగానికి బదులు మంచు కలుపుతారు, లారీ రాగానే ఉష్ణోగ్రత చూస్తారు, ఎక్కువుంటే వెనక్కి పంపుతారు. పోసిన శ్లాబు మీద గోనెపట్టాలు పరిచి తడుపుతూనే ఉండాలి.

పెదనాన్నకు ఫోనులో పెట్టె తూము ఫోటో చూపించాను. అద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "ఈ నీరు కిందకెల్లి ఎవలి మీద పడతాదిరా?" అని అడిగారు. సైట్‌కు వచ్చిన పెద్దపెద్దవాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. పల్లె ఖర్జూర తోటలకు దిగువన పాత వాదీలోనే కలుస్తుందని, అక్కడ నీటి వేగం తగ్గించడానికి పెద్ద బండలు పరవవలసి ఉందని, ఆ పని ఇంకా మొదలు కాలేదని చెప్పాను. "మరి ముందు అది సూడు," అన్నారు.

వచ్చే నెల మొదటి వారంలో నా తిరుగు ప్రయాణం. ఆ బండల పని కొలతలు నా పుస్తకంలో రాసుకున్నాను. ఈసారి వాటిని కాగితం మీదే పెట్టి, ఇచ్చినట్టు సంతకం తీసుకుంటాను.