కుడికన్ను ఆలస్యాన్ని కొలిచిన పరీక్ష: నా అనుభవం

కుడికంటి నరానికి వాపు వచ్చి తగ్గిన మూడు నెలలకు, పరీక్ష పలక మీద చివరి వరుస అక్షరాలు కూడా చదవగలుగుతున్నా, ఆ కంటికి ఎరుపు వెలిసిపోయినట్టే కనిపించేది. దారానికి కట్టిన తాళంచెవి అటూ ఇటూ ఊగుతుంటే, రెండు కళ్లతో చూసినప్పుడు అది గుండ్రంగా తిరుగుతున్నట్టు తోచేది. ఈ రెండో సంగతి వినగానే డాక్టరుగారు ఎవోక్డ్ పొటెన్షియల్ పరీక్షలు రాశారు. కంటికి కనిపించినదానికి, చెవికి వినిపించినదానికి మెదడు ఎంతసేపట్లో స్పందిస్తుందో కొలిచే పరీక్షలవి.

తలకు నూనె రాయకుండా రమ్మన్నారు. టెక్నీషియన్ నా తల వెనుక చర్మాన్ని రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అతికించారు. చూపును అందుకునే మెదడు భాగం అక్కడే ఉంటుంది. ఒక కన్ను మూసి, నలుపు తెలుపు గళ్లు తారుమారవుతున్న తెర మధ్యనున్న ఎర్రచుక్కనే చూస్తూ ఉండాలి. ఒక్కో మార్పుకు మెదడు ఇచ్చే స్పందన, అందులో ఎప్పుడూ సాగే విద్యుత్ అలజడిలో మునిగిపోయేంత చిన్నది కనుక, వందకు పైగా మార్పులకు వచ్చిన స్పందనలను కలిపి సగటు తీస్తారు. కళ్లలో నీళ్లు తిరిగి చూపు చెదరడంతో కుడికంటికి మొదటినుంచి మళ్లీ చేయవలసి వచ్చింది. నిజంగా కష్టమనిపించింది అదొక్కటే.

వినికిడి పరీక్షలో మాత్రం కునుకు తీసినా ఫరవాలేదన్నారు. హెడ్‌ఫోనులో ఒక చెవికి టక్‌టక్‌మనే శబ్దాలు, రెండో చెవికి సన్నని హోరు. శబ్దం చెవిని తాకిన 10 మిల్లీసెకన్లలోపే, శ్రవణనాడి మొదలుకొని మెదడుకాండం పైభాగం దాకా ఐదు అలలు వరుసగా నమోదవుతాయి.

నా ఐదో అల రెండు చెవులకూ 5.7 మిల్లీసెకన్ల దగ్గర, సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది. చూపు అల ఎడమకంటికి 102, కుడికంటికి 131 మిల్లీసెకన్లు. ఈ అల సాధారణంగానే 100 దగ్గర వస్తుంది. వెలుగును నాడీసంకేతంగా మార్చే రసాయన చర్యలకు రెటీనాలో కొంత సమయం పడుతుంది, పైగా ఇక్కడ కొలిచేది సంకేతం మెదడు ఉపరితలానికి చేరాక. నా విషయంలో తేడా, ఎడమకంటికన్నా కుడికంటికి ఎక్కువ పట్టిన 29 మిల్లీసెకన్లే. వాపు వల్ల నరం మీది మైలిన్ పొర దెబ్బతిని, సంకేతం నెమ్మదించింది.

కుడికన్ను చూపించేది తాళంచెవి కాస్త పాత చోటు కావడంతో, రెండు కళ్ల మధ్య తేడాను మెదడు దగ్గర, దూరాల తేడాగా లెక్కగడుతోందని డాక్టరుగారు వివరించారు. మసక వెలుతురులో ఏ కన్నయినా నెమ్మదిస్తుంది గనుక, బాగున్న ఎడమకంటి ముందు లేతనలుపు అద్దం పెట్టి, తాళంచెవిని మళ్లీ ఊపారు. మూడు నెలల తరువాత తొలిసారి, అప్పుడు అది తిన్నగా ఊగడం చూశాను.